అనాథల కాపు

మా అన్నయ్య వమింబికి అనాథల కొరత ఎప్పుడూ రాలేదు. కాఫీ ఒక ఏడు విరగ కాస్తుంది, ఒక ఏడు తెగులు పట్టి పోతుంది. అరటికి గాలి దెబ్బ ఉంటుంది. మా పెరటి గోడ అవతల అనాథలు మాత్రం ఏ తెగులూ లేకుండా ఏడాది పొడుగునా కాశారు.

నేను చెప్పబోయే ఏటికి రెండేళ్ళ ముందు, వానల్లో మా మసాబా కొండ ఒక పక్క విరిగి జారింది. కింద ఉన్న పల్లె పల్లెంతా మట్టిలో కలిసిపోయింది. అప్పుడు నేను కంపాలాలో సోషల్ వర్క్ చదువుతున్నాను. అన్నయ్య ఊళ్ళో కాఫీ కొనేవాళ్ళ దగ్గర తూకాలు చూసేవాడు. శవాలు ఇంకా తవ్వి తీస్తూనే ఉన్నారు, మా గోడ అవతల రేకుల షెడ్డు లేచింది. దాని నెత్తిన నీలం బోర్డు, 'దయాగృహం' అని. అన్నయ్య తూకాలు వదిలేసి డైరెక్టర్ అయ్యాడు. ఊళ్ళో ముసలివాళ్ళు కూడా "డైరెక్టర్ గారూ" అంటుంటే మా అమ్మ వినబడనట్టు నటించి ఇంకోసారి అనిపించుకునేది.

చదువు ముగించుకుని నేను ఇంటికొచ్చేసరికి కాఫీ కోతలు మొదలయ్యాయి. కొండంతా పులిసిన కాఫీ తొక్కు కంపు. పుట్టి పెరిగిందే ఆ కంపులో. ఏనాడూ ముక్కు మూసుకున్నదాన్ని కాదు. ఆ ఏడు మాత్రం నోట్లో పెట్టిన ముద్ద గొంతు దిగలేదు. పాపం, కాఫీ చేసిన తప్పేం లేదు.

డాక్టర్ లమును గారు మా కొండకి వచ్చింది ఆ కోతల్లోనే. మా దేశపు ఉత్తరాది మనిషి. యాభై దాటి ఉంటాయి, పొట్టిగా, గుండ్రంగా, ఎండలో నడిస్తే బుస కొడుతూ ఉంటారు. పిల్లలు ఇల్లు వదిలి ఇలాంటి గృహాలకి ఎందుకు చేరుతున్నారో కనుక్కుని సంక్షేమ శాఖకి చెప్పడం ఆవిడ పని. "కారణం తెలుసుకోకుండా సాయం చేయడమంటే కడుపునొప్పికి మోకాలికి కట్టు కట్టడమే," అనేవారు. మా భాష రాదు కాబట్టి ఒక తోడు కావాల్సి వచ్చింది. ఆ పని నాకిప్పించింది ఎవరో కాదు, మా అన్నయ్యే.

"మా చెల్లెలు నగుది ఉందండీ, ఇదే చదువు చదివింది," అని నన్ను ముందుకి తోశాడు. తర్వాత పక్కకి పిలిచి నవ్వాడు. "మన గురించి నాలుగు మంచి ముక్కలు రాయించు చెల్లీ. పుస్తకంలో పడితే ఇంకో షెడ్డు లేస్తుంది."

నాకూ గర్వంగానే ఉంది. మా ఇంటి పక్కనే ఇంత మంచి పని జరుగుతోందని కంపాలాలో అందరికీ చెప్పుకున్నదాన్ని.

మొదటి రోజు పిల్లలు ఒక్కొక్కళ్ళే వచ్చి మా ముందు నిలబడ్డారు. మొదటి పిల్ల తల వంచుకుని చెప్పింది: "మా అమ్మ మట్టిలో ఉంది. మా నాన్న మట్టిలో ఉన్నాడు. నాకు దేవుడూ డైరెక్టర్ గారే దిక్కు." నా కళ్ళు చెమర్చాయి. రెండో పిల్లాడూ అదే అన్నాడు. సరే, ఇద్దరిదీ ఒకే కష్టం అనుకున్నాను. మూడోవాడూ అదే. అదే చోట తల వంచడం, అదే చోట ఊపిరి తీసుకోవడం. నాలుగోవాడికి నత్తి. పేరు చెప్పడానికే వాడు నానా అవస్థా పడ్డాడు. అమ్మ మట్టిలో ఉందన్న ముక్క దగ్గరికొచ్చేసరికి మాత్రం నీళ్ళలా గడగడా చెప్పేశాడు.

లమును గారి వైపు చూశాను. ఆవిడ వాడి తల నిమిరి పంపేసి, నేల మీద చతికిలబడ్డారు.

"ఇక పెద్ద ప్రశ్నలు అడక్కు నగుదీ," అన్నారు. "పెద్ద ప్రశ్నకి పెద్దవాళ్ళు నేర్పిన జవాబే వస్తుంది."

తర్వాత వచ్చింది ఖైంజా. ఆరేడేళ్ళుంటాయి. నున్నగా గొరిగిన తల, పెద్ద చెవులు, ముందు పన్ను ఊడిన బోసి నోరు. పాఠం ఒప్పజెప్పబోయింది. నేను అడ్డుపడి, "పన్ను ఎప్పుడు ఊడింది?" అన్నాను.

మొహం విప్పారింది. "మొన్న! మొక్కజొన్న కొరికితే వచ్చేసింది. రక్తం కూడా వచ్చింది."

"మరి పన్నేం చేశావు?"

"వంటపాక మీదకి విసిరేశాం. నాకు చెయ్యి అందలేదు. అమ్మ ఎత్తుకుంది."

అనేసి, రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్ళు మాత్రం బయటున్నాయి. ఆ కళ్ళలో ఉన్నంత భయం నేను ఏ అనాథ కళ్ళలోనూ చూడలేదు. "అమ్మ కాదు, ఆంటీ," అంది వేళ్ళ సందుల్లోంచి. "వంట ఆంటీ. డైరెక్టర్ గారికి చెప్పకు."

"చెప్పను," అన్నాను. పిల్ల ఏం దాచబోయిందో లమును గారికి అనువదించి చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది.

*

వంటపాకలో ముతోన్యి పోషో కలుపుతోంది. మొక్కజొన్న పిండి ఉండకట్టకుండా పడవ తెడ్డంత గరిటెతో కలపాలి. చేతుల నరాలు తేలిన మనిషి. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. రెండేళ్ళుగా మా గోడ అవతల వండుతున్నా, సెలవులకి వచ్చినప్పుడు 'ములెంబె' అని పలకరింపు తప్ప నేను మాట్లాడింది లేదు. ఆ పెద్ద చెవులు ఎవరివో అప్పుడు చూశాను.

"అక్కా, ఖైంజా నీ కూతురా?"

గరిటె ఆగలేదు. "డైరెక్టర్ గారి చెల్లెలు అడుగుతున్నారా, పట్నం డాక్టరమ్మ మనిషి అడుగుతున్నారా?"

"నగుది అడుగుతోంది."

"అయితే నగుదికి చెబుతున్నా. నేను చచ్చిపోయాను." నవ్వింది. ఆ నవ్వులో పళ్ళు తప్ప ఏమీ లేదు. "మట్టి కింద పడి పోయాను. డబ్బిచ్చే తెల్లవాళ్ళు వచ్చినప్పుడల్లా నా బిడ్డ నా చావు గురించి పాట పాడుతుంది. వాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. నేను వాళ్ళకి టీ పోస్తాను."

"కొండ విరిగినప్పుడు..."

"మా ఇల్లు పోయింది. ఆయన పోయాడు. నేనూ నా బిడ్డా మిగిలాం. ఎక్కడ తలదాచుకోవాలో తెలియక చర్చి వరండాలో ఉంటే మీ అన్న వచ్చాడు. బిడ్డకి తిండి, బడి, బట్ట ఇస్తానన్నాడు. నాకు వంటపని ఇస్తానన్నాడు. ఒక్కటే షరతు, అది నన్ను అమ్మా అని పిలవకూడదు. తల్లి ఉన్న పిల్లని చూసి ఎవరు జాలి పడతారని అడిగాడు." పొయ్యిలో కట్టె ఎగదోసింది. "నిజమే కదా. నేను బతికున్నన్నాళ్ళూ మమ్మల్ని ఎవరూ చూడలేదు. చచ్చాకే దానికి చెప్పులొచ్చాయి."

గడ్డంతో కంచె వైపు చూపించింది. అక్కడ ఒక సన్నటి మనిషి గంపలో అరటిపళ్ళు పెట్టుకుని కూర్చుంది. "ఆవిడ నఫుణ. పళ్ళు అమ్మడానికి ఈ మూలకి ఎవరైనా వస్తారా? లోపల ఇద్దరు కొడుకులున్నారు. చచ్చినవాళ్ళం అందరం ఇక్కడిక్కడే తిరుగుతుంటాం, దయ్యాల్లాగా."

*

ఆ సాయంత్రం అమ్మ మాలేవా వండింది. పొగబెట్టిన వెదురు మొలకల్ని వేరుశనగ ముద్దలో ఉడికించి అమ్మ చేస్తే వీధి చివరిదాకా వాసన వెళ్ళేది. అన్నయ్య మోచేతుల దాకా జార్చుకుంటూ తింటున్నాడు. నేను పళ్ళెం ముట్టుకోలేదు.

"ముతోన్యి కూతుర్ని అనాథ అని రాశావు," అన్నాను.

అన్నయ్య తలెత్తలేదు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. చెవులు చూశాను."

నవ్వాడు. నిజంగా నవ్వాడు, నేనేదో జోకు వేసినట్టు. "చెల్లీ, నువ్వు చదివిన పుస్తకాల్లో అనాథ అంటే ఒక అర్థం ఉంటుంది. ఈ కొండ మీద ఇంకో అర్థం. అన్నం పెట్టలేని తల్లి ఉంటే ఎంత, లేకపోతే ఎంత? నేను ఆ పిల్లని ఎత్తుకొచ్చానా? తల్లే వచ్చి చేతిలో పెట్టింది."

"పెట్టింది బిడ్డని చదివించమని. అమ్మ చచ్చిందని పాడించమని కాదు."

"పాడితే తప్పేంటి? గొంతు అరిగిపోతుందా? ఆ పిల్లలు ఆ పాట పాడే నీ ఫీజు కట్టారు. అది మర్చిపోకు."

నాకా సంగతి అప్పటిదాకా తెలియదు. నా చదువు కాఫీ డబ్బుతో సాగిందనుకున్నాను. అన్నయ్య వేళ్ళు నాక్కుంటూ అసలు వార్త చెప్పాడు. డబ్బు పంపే ఒక తెల్ల జంటకి పిల్లల్లేరట. ఖైంజా ఫోటో చూసి మనసు పారేసుకున్నారట. వచ్చే ఆదివారం వచ్చి చూసుకుని, కాగితాలు పూర్తయ్యాక శాశ్వతంగా తీసుకెళ్ళిపోతారట.

"తల్లికి చెప్పావా?"

"పట్నంలో పెద్ద బడికి పంపుతున్నానని చెప్పాను. చచ్చినదాని సంతకం ఎవడికి కావాలి?"

నేను అమ్మ వైపు తిరిగాను. ఆ క్షణందాకా నా ధైర్యమంతా అమ్మే. చిన్నప్పుడు నాన్న పోయినప్పుడు ఎంతమంది అడిగినా మా ఇద్దర్నీ ఎవరింటికీ పంపని మనిషి.

"అమ్మా, నువ్వు విన్నావా వీడి మాటలు?"

అమ్మ నా పళ్ళెంలో ఇంకో గరిటె వేసింది. "ముందు తిను. చల్లారితే బాగోదు."

"అమ్మా!"

"అరవకే. పిల్ల బాగుపడుతుంది కదా." గరిటె గిన్నె అంచుకి తట్టింది. "ఖైంజా తెలివైంది. రెండు రోజుల్లో పట్టేసింది. ఆ నత్తివాడే నన్ను చంపుకు తిన్నాడు. వరండాలో కూర్చోబెట్టి, కాల్చిన మొక్కజొన్న చేతిలో పెట్టి, ఒక్కో ముక్కా పాటలా పలికించాను. పాటలో పెడితే నత్తి రాదు. ఇప్పుడు చూడు, ఎంత బాగా చెబుతాడో."

ఆవిడ మొహంలో దొంగతనం లేదు. బడి పంతులమ్మకుండే సంతృప్తి ఉంది. వాళ్ళమ్మ చచ్చిపోయిందని వాడి చేత పలికించింది, మా వరండాలో, మా అమ్మ.

పెరట్లోకి పరిగెత్తాను. పొద్దున్నుంచి తిన్నదేమీ లేదు, అయినా వాంతి ఆగలేదు. లోపల్నుంచి అమ్మ అంటున్నది వినబడింది. "పట్నం తిండి తిని కడుపు పాడు చేసుకుందిరా. అల్లం టీ పెట్టివ్వు."

*

మర్నాడు పొద్దున్నే లమును గారితో కలిసి జిల్లా సంక్షేమాధికారి దగ్గరికి వెళ్ళాను. ఖైంజా నోరు జారిన సంగతి ఒక్కటి దాచి మేం చెప్పిందంతా ఆయన పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ విన్నాడు. మధ్యలో రెండుసార్లు ఫోన్ చూసుకున్నాడు.

"డాక్టర్ గారూ, పరిశోధన అంటే లెక్కలు కదండీ. మనుషులతో మీకేం పని?" అన్నాడు.

లమును గారు బుస కొట్టారు. అప్పుడు ఎండ లేదు.

"ఒక తల్లి బతికుండగా బిడ్డని సముద్రం దాటిస్తున్నారు. ఆపడం మీ ఉద్యోగం."

"ఆ పిల్ల రేపు వెన్న రాసిన రొట్టె తింటుంది. నా బిడ్డలకే లేదు ఆ యోగం. ఏ రాతిగుండెవాడు ఆపుతాడు చెప్పండి?" నా వైపు తిరిగాడు. "నువ్వు డైరెక్టర్ గారి చెల్లెలివి కదూ? మీ అమ్మ చేతి మాలేవా తిన్నాక మా ఇంట్లో ఏదీ నోటికి ఎక్కట్లేదమ్మా. అడిగానని చెప్పు."

బయటికొచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాం. ఆ మనిషి టేబుల్ మీద నేను ఆనించిన చేతిని గౌనుకి రుద్దుకుంటూనే ఉన్నాను.

"పిల్ల చెప్పింది మనం బయటపెట్టలేమా?" అన్నాను.

"ఆ పాపకి నువ్వేమన్నావు? చెప్పనన్నావు," అన్నారు లమును గారు. "మన దగ్గర ఉన్నది ఆ మాట ఒక్కటే. రేపు మనం ఆ మాట తప్పామని తెలిస్తే ఈ కొండ మీద ఏ పిల్లా నోరు విప్పదు. కంపాలాలో నాకు తెలిసిన లాయరుకి చెబుతాను, కానీ వారంలో కదిలే పని కాదు. తల్లి నోరు మాత్రం తల్లిదే. ఆమె తెరిస్తే, ఆమె పక్కన నిలబడడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు."

అదే రోజు వంటపాకకి వెళ్ళి ముతోన్యికి ఉన్నదున్నట్టు చెప్పాను. పట్నం బడి కాదక్కా, విమానం, అన్నాను.

"ఎంత దూరం?"

"చాలా."

"సెలవులకి పంపుతారా?"

"పంపరు."

ఆమె చిక్కుళ్ళు ఒలుస్తోంది. ఒలుస్తూనే ఉంది. గింజలు గిన్నెలోనూ తొక్కలు కిందా పడాల్సింది, తొక్కలు గిన్నెలో వేస్తోంది. లేచి వచ్చేశాను.

*

ఆదివారం దయాగృహానికి కాగితం తోరణాలు కట్టారు. రోజూ కాళ్ళకి చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలకి చెప్పులు తొడిగారు. చెప్పులున్న వాళ్ళ చేత విప్పించారు. ఎంతమందికి ఉండాలో, ఎంతమందికి ఉండకూడదో అన్నయ్యకి తెలుసు. అందరికీ ఉంటే జాలి రాదు. ఎవరికీ లేకపోతే ఇచ్చింది ఏమైందని అడుగుతారు.

అమ్మ కొత్త గోమెసి కట్టింది. భుజాల దగ్గర పొడుచుకొచ్చిన ఆ పట్టు గౌనులో, అతిథుల పక్క కుర్చీలో రాణిలా కూర్చుంది. సంక్షేమాధికారి ముందు వరసలో ఉన్నాడు. లమును గారు చివరి బల్ల మీద. కంచె అవతల అరటిపళ్ళ గంపలు మామూలు కంటే ఎక్కువగా ఉన్నాయి.

తెల్లావిడ పేరు సూసన్. చెడ్డ మనిషిలా లేదు. అదే నాకు ఇంకా అసహ్యం పుట్టించింది. మంచి మొహం పెట్టుకుని, మెడలో మా ఊరి పూసలు వేసుకుని, ప్రతి పిల్లనీ ముట్టుకుంటూ, తెచ్చిన మిఠాయిలు పంచుతూ వచ్చింది. భర్త వెనకాలే ఫోటోలు తీస్తున్నాడు. అన్నయ్య ఇంగ్లీషులో ఉపన్యాసం దంచి, "ఇక అనువాదం మా చెల్లెలు చేస్తుంది, సోషల్ వర్క్ చదివింది," అని నన్ను చూపించాడు. అంత జరిగినా నన్ను నమ్మాడు. ఇంటి ఆడపిల్ల ఇంటి గుట్టు దాటదన్న ధీమా అది.

పిల్లలు పాడారు. మట్టి పాట. ఖైంజా ముందు నిలబడి పాడింది. బోసి నోట్లోంచి 'అమ్మ' అన్న మాట ఈలలా వచ్చింది. నా పక్కన మా అమ్మ పెదాలు పాటతో పాటు కదులుతున్నాయి, ఎక్కడ తప్పుతారోనని. వంటపాక గుమ్మంలో ముతోన్యి గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

పాట అయ్యాక సూసన్ ఖైంజా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కళ్ళ నిండా నీళ్ళు. నా వైపు చూసి ఇంగ్లీషులో అంది. వాళ్ళమ్మ చనిపోయినందుకు మాకు ఎంత బాధగా ఉందో ఈ పాపకి చెప్పండి.

నేను ఖైంజా వైపు చూశాను. పిల్ల మిఠాయి కాగితం విప్పుకుంటోంది. ఎందుకో నా మెడ తనంతట తనే వంటపాక వైపు తిరిగింది.

"ముతోన్యక్కా," అన్నాను మా భాషలో, అందరికీ వినబడేలా. "నువ్వు చనిపోయావని వీళ్ళు చాలా బాధపడుతున్నారట. ఏమని చెప్పమంటావు?"

ఎక్కడి వాళ్ళక్కడ ఆగిపోయారు. కంచె అవతల ఎవరో కిసుక్కున నవ్వి నోరు నొక్కుకున్నారు. అన్నయ్య నవ్వు మొహం నవ్వుతూనే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు. "నగుదీ," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

ముతోన్యి కదల్లేదు. ఇక కదలదనుకున్నాను. అప్పుడామె గరిటె గుమ్మానికి ఆనించి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఎండలోకి వచ్చింది.

"బతికే ఉన్నానని చెప్పు," అంది. "వీళ్ళకి ఇందాక టీ పోసింది నేనేనని కూడా చెప్పు."

ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పాను. ఖైంజా ఒకసారి డైరెక్టర్ వైపు, ఒకసారి ముతోన్యి వైపు చూసింది. "అమ్మా అనొచ్చా?" అని నన్ను అడిగింది. నేను తలూపేలోపే పరిగెత్తి ఆమె లుంగీలో మొహం దూర్చేసింది.

కథ అక్కడ ఆగి ఉంటే నాకీ చేదు ఇంతుండేది కాదు. సూసన్ ఏడ్చింది, భర్త భుజం మీద. కాసేపటికి కళ్ళు తుడుచుకుని నా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగింది. తల్లి ఉన్నా ఫర్వాలేదు, ఆమెకి నచ్చజెప్పే మార్గం ఏమైనా ఉందా? పిల్ల భవిష్యత్తు గురించి ఆలోచించమనండి.

ఇది కూడా అనువదించాలా అనిపించింది. అనువదించాను.

ముతోన్యి ఆవిణ్ణి కింది నుంచి పైదాకా చూసింది. కోపంగా కాదు, బేరానికి వచ్చిన మనిషిని చూసినట్టు. "నన్ను కూడా తీసుకెళతారేమో అడుగు. వంట బాగా వస్తుంది."

అడిగాను. భర్త కెమెరా మూత బిగించుకోవడంలో మునిగిపోయాడు. సూసన్ నోరు తెరిచి మూసింది. ముతోన్యి కొంచెంసేపు మర్యాదగా ఎదురుచూసి, బిడ్డని చంకనేసుకుని, దయాగృహం గేటు దాటి వెళ్ళిపోయింది. లమును గారు లేచి, బుస కొడుతూ, ఆమె పక్కన నడిచారు. సంక్షేమాధికారి ఎప్పుడు మాయమయ్యాడో ఎవరూ చూడలేదు.

*

అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నా బట్టలు మడత పెట్టి, సంచిలో సర్ది, గడప బయట పెట్టింది. మడతలు కూడా చక్కగా పెట్టింది. "నువ్వు చదువుకున్నదానివి. ఎక్కడైనా బతుకుతావు. వాడికి నేను తప్ప ఎవరున్నారు?" అంది. అన్నయ్య ఒక్కటే అన్నాడు: "తిన్న కంచంలో ఉమ్మేశావే." ఆ కంచం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఉమ్మాలనే ఉంటుంది.

ఆ రోజు లమును గారు నన్ను మెచ్చుకుంటారనుకున్నాను. "నువ్వు చేసింది పరిశోధన కాదు," అన్నారు. "ఆమెని అంతమందిలో నిలబెట్టే ముందు ఆమెని అడగాల్సింది." ఆ తర్వాత, "రేపు పొద్దున్నే రా. ఆ తల్లీబిడ్డా ఎక్కడ పడుకుంటారో చూడాలి," అన్నారు.

దయాగృహం మూతపడింది. ఎవరూ మూయించలేదు. ఆదివారం సంగతి పాకి అతిథులు రావడం మానేశారు, అంతే. ఈలోగా మేం ఇల్లిల్లూ తిరిగాం. అమ్మానాన్నా ఇద్దరూ పోయిన పిల్లలు వేళ్ళ మీద లెక్కకొచ్చేంత మందే తేలారు. వాళ్ళకీ అమ్మమ్మలున్నారు. మిగతా వాళ్ళందరికీ తల్లో తండ్రో బతికే ఉన్నారు. గృహాలకి పోసే సాయం ఇళ్ళకి పోస్తే పిల్లలు ఇళ్ళలోనే ఉంటారని లమును గారు రాశారు. జిల్లా కార్యాలయంలో సభ పెట్టి ఆ నివేదిక చదివారు. చదివింది ఎవరనుకున్నారు? ఆ సంక్షేమాధికారే. గొంతు సవరించుకుని, "మన పిల్లల కన్నీటి కథ ఇది," అన్నాడు. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో మా అన్నయ్య ఉన్నాడు, 'అనుభవజ్ఞుడు' అని పిలిచారట. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది అతనే.

అయినా ఆ నివేదిక వల్ల ఒక పని జరిగింది. తిరిగొచ్చిన పిల్లలున్న ఇళ్ళు చూసుకునే కొలువు ఒకటి పుట్టింది. అది నాకిచ్చారు. ముతోన్యికి చర్చి వెనక ఒక గది, కాఫీ నారుమడిలో పని దొరికాయి. ఖైంజా బడికి పోతోంది, కొన్నాళ్ళు పోతుంది, కొన్నాళ్ళు పోదు. ఊళ్ళో కొంతమంది ఇంకా దాన్ని 'చచ్చినదాని కూతురా' అని పిలుస్తారు, నవ్వుకుంటూ.

మరుసటి ఏడు కోతలు అయిపోయి, ఆరబెట్టే చాపలు చుట్టేసే రోజుల్లో నఫుణ ఇంటికి వెళ్ళాను. కంచె దగ్గర అరటిపళ్ళు అమ్మిన మనిషి. నన్ను చూడగానే చేతిలో చీపురు కింద పడేసింది.

"రావమ్మా రా! ఇంకా ఎవరి నోటి కాడ ముద్ద తీయాలి?" ఆమె కొడుకులిద్దరూ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. పెద్దవాడు నత్తివాడు. "అక్కడ రెండు పూటలా తినేవాళ్ళు నా బిడ్డలు. నీ అన్న దొంగే. ఒప్పుకుంటా. దొంగ పెట్టినా ముద్ద ముద్దే కదా! నువ్వేం పెట్టావు? మాట పెట్టావు. వండుకు తినమంటావా దాన్ని?"

చుట్టుపక్కల వాళ్ళు తలలు బయట పెట్టారు. చాలాసేపు తిట్టింది. ఆయాసం వచ్చి ఆగాక అడిగాను.

"అక్కా, మొదట్లో పిల్లల్ని వదలకుండా ఉండాలంటే నీకు ఏం కావాల్సి వచ్చింది?"

"ఏంటి?"

"వాళ్ళని నీ దగ్గరే ఉంచుకోవడానికి. అప్పుడు ఏం ఉంటే సరిపోయేది?"

నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. తర్వాత మెల్లగా గుమ్మం మెట్టు మీద కూలబడింది.

"ఆయన పోయాక నేను జ్వరంతో పడ్డాను," అంది. "ఒక నెల. లేవలేకపోయాను. ఆ నెల వీళ్ళకింత ఉడకేసి పెట్టే మనిషి ఉంటే చాలు. అంతే. ఇంకేమీ అక్కర్లేదు. తర్వాత నేనే లేచేదాన్ని కదా." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ నెలంతా మా గడప తొక్కింది మీ అన్న ఒక్కడే."

భుజాన సంచి దించి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"మొదటినుంచీ చెప్పక్కా," అన్నాను.